బండికి పూడిక

హిందూపురం పట్టుగూళ్ల మార్కెట్ గేటు ముందు నిలబడి, నీలావతి బండి ఏదని అడిగి చూడండి. టీ కొట్టాయన మొదలు కాటా వేసే మనిషి దాకా అందరూ ఒకే పక్కకి చెయ్యి చూపిస్తారు. ఆకుపచ్చ తొట్టి, ముందు రేకు మీద ఒక సొట్ట, డ్రైవరు సీటు మీద మడతపెట్టిన పాత దుప్పటి. ఆ లగేజీ ఆటోని ఇప్పుడెవరూ చౌడప్ప బండి అనరు. ఒకప్పుడు అందరూ అలాగే అనేవాళ్లు. మొగుణ్ణి వదులుకోవడానికి నీలావతికి ఒక్క పూట పట్టింది గానీ, ఆ బండిని దక్కించుకోవడానికి ఏడాది పైన పట్టింది. మా ఊళ్ల పెద్దమనుషుల తెలివి అలాంటిది మరి!

నీలావతి పుట్టిల్లు గుడిబండ దగ్గర. పాకే వయసు నుంచీ పట్టుపురుగుల మధ్యే పెరిగింది. గూడును చెవి దగ్గర పెట్టుకుని ఆడించి, లోపల పురుగు ఏ స్థితిలో ఉందో చెప్పేది. తొంభై ఒకటిలో ఆమెను పెనుకొండ నుంచి రొద్దం పోయే దారిలో ఉన్న ఒక పల్లెకు, చౌడప్పకిచ్చి పెళ్లి చేశారు. చౌడప్ప చెడ్డవాడేం కాదు. మాటకారి, నవ్వుమొహం, ఏ బండినైనా తోలగలడు. తొంభై ఏడులో మొగుడూ పెళ్లాం కలిసి ఈ లగేజీ ఆటో కొన్నారు. ఆయన ఎద్దుల జతని అమ్మాడు. ఆమె మెడలోది, చెవులవి తీసి ఇచ్చింది. కాగితాలు మాత్రం చౌడప్ప పేరున రాయించారు. ఎవరి పేరున ఉంటే ఏమిలే, ఒకే ఇల్లు కదా అనుకున్నారు. అనుకునేటప్పుడు ఇలాంటి మాటలు ఎంత తియ్యగా ఉంటాయో!

పల్లెల్లో రైతుల దగ్గర గూళ్లు ఎక్కించుకుని హిందూపురం మార్కెట్లో దించడం వాళ్ల పని. గూళ్లతో ఒక చిక్కుంది. అవి ఆగవు. రోజులు నిండాయంటే లోపలి పురుగు రెక్కలు తొడుక్కుని, గూటికి చిల్లు పెట్టుకుని బయటికొచ్చేస్తుంది. చిల్లు పడ్డ గూడు ఎవరికీ పనికిరాదు, రైతు నెల కష్టం మట్టిపాలు. అందుకే పిలిస్తే వచ్చే బండంటే రైతులకు ప్రాణం. నీలావతి పక్కనే కూర్చుని లోడు చూసుకునేది. వేరుశనగ పీకేసిన బీడులో ఒకరోజు చౌడప్పే సరదాకి ఆమె చేతికి హ్యాండిల్ ఇచ్చాడు. ఆమె కేకలు పెడుతూ తీసుకుపోయి గట్టుకు గుద్దింది. చౌడప్ప నవ్వలేక నేల మీద కూలబడ్డాడు. ముందు రేకు మీది సొట్ట ఆనాటిదే. తర్వాత పట్టుబట్టి నేర్చుకుంది. అప్పుడు ఆ నేర్చుకోవడం దేనికి పనికొస్తుందో ఇద్దరికీ తెలియదు.

కొన్నేళ్లకు చౌడప్ప ధర్మవరం లోడ్లు ఎక్కువగా ఒప్పుకోవడం మొదలుపెట్టాడు. వారానికి ఒకరోజు, తర్వాత రెండురోజులు అక్కడే ఉండిపోయేవాడు. నీలావతి నోరు మూసుకుని కూర్చునే రకం కాదు.

"ఎవురామె?" అని అడిగింది, అన్నం వడ్డిస్తూనే.

"కమలాక్షి" అన్నాడు చౌడప్ప. దాచలేదు. అంతవరకు మెచ్చుకోవాలి.

"సరే. తిని పో. బండి మాత్రం ఈడ ఉండనీ."

"బండి నాది గదనే!"

"నా మెడలోది, చెవులవి దాంట్లో కరిగిపొయ్యుండాయి. పొయ్యేవాడివి నువ్వు. బండి యాడికీ పోదు."

ఏడ్చిందా అంటే, ఏడ్చింది. చౌడప్ప గడప దాటాక, తలుపేసుకుని, కడుపులో ఉన్నదంతా పోయేదాకా ఏడ్చింది. తర్వాత లేచి మొహం కడుక్కుని బండి తాళం చీరకొంగుకు ముడేసుకుంది. ఆ మనిషి మీద ఆశ పోయింది. బండి పోతే మాత్రం తన బతుకు పోతుందని ఆమెకు బాగా తెలుసు. బండి లేకపోతే పుట్టింటికి పోయి అన్నదమ్ముల ఇంట్లో అంట్లు తోముకోవాలి. ఆ పని చావనైనా చస్తా గానీ చెయ్యననుకుంది.

చౌడప్ప పంచాయితీ పెట్టించాడు. పెద్దమనిషి చంద్రప్ప. ఊరంతటికీ నీళ్లున్న ఒకే ఒక్క పెద్దబావి ఆయన వంశానిది. పంచాయితీలన్నీ ఆ బావి గడ్డ మీద, మోటారు షెడ్డు నీడలోనే. చంద్రప్పకు లోకంలో తెలిసింది బావి ఒక్కటే. అన్నదమ్ముల తగాదా వచ్చినా, చేను గట్టు తగాదా వచ్చినా బావిని చూపించే తీర్పు చెబుతాడు.

ఆ బావి కట్టుబాటేమిటో ఇక్కడ చెప్పాలి. వాటాదారులకు వంతులుంటాయి. ఈ రోజు నీళ్లు ఒకరికి, రేపు ఇంకొకరికి. ఎండాకాలంలో బావి అడుగున చేరిన మన్ను తియ్యాలి, దాన్ని పూడిక అంటారు. ముందురోజు సాయంత్రం ఊళ్లో కేకేస్తారు, రేపు పూడిక, వంతుదారులు రావాల అని. రానివాడు, తన బదులు మనిషిని పంపనివాడు వంతు పోగొట్టుకున్నట్టే. చంద్రప్ప తమ్ముడి వరసైన వెంకటప్ప వంతు అలాగే పోయింది. పాపం, ఆయన అప్పుడు బెంగుళూరులో కట్టుబడి పనిలో ఉన్నాడు. తిరిగొచ్చేసరికి ఆయన వంతు నీళ్లు చంద్రప్ప చేలోకి పారుతున్నాయి. ఆ వెంకటప్ప ఎండిన చేను పక్కనే ఉన్నా, ప్రతి పంచాయితీకీ వచ్చి ఒక మూల కూర్చుంటాడు, ఉలుకూ పలుకూ లేకుండా.

"ఇద్దరూ చెయ్యేసి కొన్నారు, ఇద్దరికీ వాటా ఉండాది" అన్నాడు చంద్రప్ప గొంతు సవరించుకుని. "వారం ఒకరికి, వారం ఒకరికి. బావి కట్టుబాటు ఎట్లనో బండికీ అట్లనే. అందరూ వినినారు గదా?"

విన్నారు. ఆహా, ఏం ధర్మమని తలలు కూడా ఊపారు. బావి కదలదు, బండి కదులుతుంది, చౌడప్ప దాన్ని ఎక్కడ తిప్పుతాడో ఎలా తిప్పుతాడో ఎవడు చూస్తాడని ఒక్కడంటే ఒక్కడు అడగలేదు. ఆడమనిషి బండి తోలేదేముందిలే, నాలుగు వారాలు చూసి అదే వదిలేస్తుందని లోపల లెక్క. చౌడప్ప కూడా ఆ లెక్క మీదే నవ్వుకుంటూ లేచాడు.

నీలావతి మరుసటి వారమే హిందూపురం పోయి లైసెన్సుకు పెట్టింది. టెస్టు పెట్టే చోట మగవాళ్లంతా ముక్కు మీద వేలేసుకుని చూశారు. చూస్తే చూడనీ, కళ్లున్నవి చూడ్డానికే కదా! లైసెన్సు చేతికొచ్చాక, తన వారంలో తానే తోలింది. పెనుకొండ, ధర్మవరాలకు మధ్యలో చెన్నేకొత్తపల్లి. హైవే పక్కన ఒక టీ కొట్టుంది. సోమవారం పొద్దున అక్కడ తాళం చేతులు మారేది. వాళ్లిద్దరి మధ్యా మాటల్లేవు. తాళం బల్ల మీద పెట్టేవాళ్లు, రెండోవాళ్లు తీసుకునేవాళ్లు. టీ కొట్టాయన, "ఈ వారం ఎవురి వంతప్పా?" అని అడిగి నవ్వేవాడు.

చౌడప్ప తన వారంలో బండిని పీల్చి పిప్పి చేసేవాడు. గూళ్లు మోసే బండి మీద నాపరాళ్లు వేశాడు. డీజిల్లో కిరసనాయిలు కలిపి పోశాడు. నీలావతి వారం వచ్చేసరికి బండి కింది ఇనప పట్టీలు వంగి, గొట్టం నల్లటి పొగ కక్కుతూ ఉండేది. ఆమె బాగుచేయించేది, అతను పాడుచేసేవాడు. పైగా గూళ్లు వంతు చూసుకుని పండుతాయా? చౌడప్ప వారంలో పండిన రైతులు ఫోన్లు చేయించి, మనుషుల్ని పంపి, చివరికి వేరే బండ్లు చూసుకున్నారు. కూడగట్టుకున్న బేరమంతా చేతుల్లోంచి జారిపోతూ ఉంటే నీలావతికి కడుపు మండిపోయింది.

ఆ మంట మీద ఒకరోజు పొద్దున్నే పార్వతమ్మ అనే రైతు గూళ్లు ఎక్కించుకుని హిందూపురం పోతోంది. సగం దారిలో ఇంజను ఒక్క అరుపు అరిచి పట్టేసింది. ఎండ ఎక్కుతోంది. గూళ్ల రోజులు నిండి ఉన్నాయి, రేపటికి ఆగవు. పార్వతమ్మ తొట్టిలోంచి దిగి తల పట్టుకుంది. "అయ్యో నా తల్లీ, ఈ పంట పోతే నా గతేంది?"

"గమ్మునుండక్కా, యాడికీ పోదు" అంది నీలావతి. దూరంగా బస్సు వస్తోంది. రోడ్డుకు అడ్డంగా, రెండు చేతులూ చాపి నిలబడింది. బస్సు కీచుమంటూ ఆమె ముందు ఆగింది. డ్రైవరు తల బయటపెట్టి తిట్లందుకున్నాడు.

"తొక్కించుకుంటూ పోతావా, ఎక్కించుకుని పోతావా? రెంట్లో ఒకటి చెప్పప్పా" అంది నీలావతి. కదల్లేదు.

బస్సులో ఆడవాళ్లు కొందరు నవ్వారు, మగవాళ్లు ఇద్దరు దిగొచ్చి మూటలందుకున్నారు. పార్వతమ్మ గూళ్లు వేళకు మార్కెట్ చేరాయి. బండిని మాత్రం ట్రాక్టరుకు కట్టి హిందూపురంలో ఓబుళప్ప షెడ్డుకు ఈడ్చుకుపోవలసి వచ్చింది. మెకానిక్కు ఓబుళప్ప ఇంజను విప్పి, లోపలి మసిని వేలితో గీకి చూపించాడు.

"మొత్తం దింపల్లమ్మా. అడుగున ఎంత పేరుకుపొయ్యుండాదో చూడు, బావిలో పూడిక మాదిరి."

మాట ఆయన ఊరికే అన్నాడు. నీలావతి మాత్రం అక్కడే నిలబడిపోయింది. పూడిక! బావి కట్టుబాటే బండికీ అని చంద్రప్ప నోరారా చెప్పిన మాట చెవిలో గంటలా మోగింది.

"ఓబుళప్పన్నా, ఇంజను ఈ రోజు దింపద్దు. ఎల్లుండి దింపు" అని చెప్పి, ధర్మవరం బస్సెక్కింది.

ధర్మవరంలో కమలాక్షి ఇల్లున్న వీధిలో అటూ ఇటూ మగ్గాలున్న ఇళ్లే. సాయంత్రం వేళ, పని ఆపి జనం అరుగుల మీద కూర్చున్నారు. నీలావతి వీధి నడిమధ్య నిలబడి, కొంగు నడుముకు చుట్టి, ఊళ్లో కేకేసేవాడి గొంతుతో అరిచింది.

"అయ్యలారా, అమ్మలారా, అందరూ వినండి! రేప్పొద్దున హిందూపురంలో ఓబుళప్ప షెడ్డు కాడ బండికి పూడిక! వంతుదారుడు చౌడప్ప రావల్ల! రాకపోతే మనిషినన్నా పంపల్ల! అదీ లేకపోతే వంతు పోతాది!"

వీధంతా గుమిగూడింది. చౌడప్ప లుంగీ ఎగగట్టుకుని బయటికొచ్చాడు. మొదట బిత్తరపోయాడు, తర్వాత పగలబడి నవ్వాడు.

"బండికి పూడికేందే, పిచ్చిగానీ పట్టిందా? నా వంతు సోమవారం. బాగుచేయించి తెచ్చియ్యి, పో."

"నీ పేరు పెట్టి, నీ వాకిట్లో పిలిచినా. వీళ్లంతా వినినారు" అంది నీలావతి.

వెనకాల తలుపు దగ్గర కమలాక్షి నిలబడి ఉంది. "పిలుస్తాండాది గదా, పోరాదా" అంది మెల్లిగా. చౌడప్ప ఆమె వైపు కూడా చూడలేదు. నీలావతి చూసింది. ఆమె మీద కోపం తెచ్చుకుందామనుకుంది గానీ, ఆ నిలబడ్డ తీరులో తన పాత రోజులే కనిపించి, బస్టాండు దారి పట్టింది.

మర్నాడు చౌడప్ప రాలేదు, మనిషినీ పంపలేదు. షెడ్డు తెరిచింది మొదలు మూసేదాకా నీలావతి వాకిట్లోనే కూర్చుని ఎదురుచూసింది. ఆ మర్నాడు ఇంజను దింపారు. ఓబుళప్పతో పాటు తానూ కూర్చుని, ఒక్కో భాగాన్ని కిరసనాయిల్లో ముంచి, మసి పోయేదాకా రుద్దింది. మోచేతుల దాకా నలుపెక్కింది. సోమవారం వచ్చింది. చెన్నేకొత్తపల్లి టీ కొట్టు దగ్గర చౌడప్ప మధ్యాహ్నం దాకా నిలబడ్డాడు. బండి రాలేదు.

ఇంకేముంది, చిందులు తొక్కుతూ పోయి చంద్రప్ప ముందు వాలాడు. మళ్లీ పంచాయితీ. ఈసారి నీలావతి బండినే బావి గడ్డ దాకా తోలుకొచ్చి, అందరికీ కనబడేట్టు నిలిపింది.

"ఏమ్మా, వంతు బండి ఎందుకియ్యలేదు?" అన్నాడు చంద్రప్ప.

"వంతు యాడుండాది మామా? పూడికకు పిలిస్తే రాలేదు, మనిషిని పంపలేదు. వంతు పోయింది. బావి కట్టుబాటే బండికీ అని ఈ గడ్డ మీదే చెప్తివి గదా."

"ఇంజనుకు పూడికేంది పెదనాయనా, ఎవురన్నా వింటే నవ్విపోతారు!" అన్నాడు చౌడప్ప.

"బావి అడుగున మన్ను తీస్తే పూడిక. ఇంజను అడుగున మసి తీస్తే ఏమంటారప్పా? ఆ మసి గూడా నువ్వు పోసిన కిరసనాయిలుదే."

జనంలో ఎవరో కిసుక్కుమన్నారు. చంద్రప్ప మొహం చిట్లించాడు. "బావి వేరు, బండి వేరు. రెండూ ఒకటెట్ల..." అని మొదలుపెట్టాడు. మూలన ఇన్నాళ్లూ ముడుచుకుని కూర్చున్న వెంకటప్ప లేచి నిలబడ్డాడు.

"పూడికకు రానోడి వంతు పోదంటావా అన్నా? అట్లయితే నాదీ పోలేదు గదా?"

చంద్రప్ప తువ్వాలుతో చెమట తుడుచుకున్నాడు. తన చేను వైపు ఒకసారి చూశాడు, పచ్చగా ఉంది. చెరకు నడుం ఎత్తు పెరిగింది.

"బండి కాగితం నా పేరున ఉండాది" అని అరిచాడు చౌడప్ప.

"బావి పట్టా మా నాయన పేరున గూడా ఉండాది" అన్నాడు వెంకటప్ప.

"కాగితం సంగతి ఎవురడిగినార్రా?" చంద్రప్ప గద్దించాడు, ఎవర్ని గద్దిస్తున్నాడో తనకే తెలియకుండా. "కట్టుబాటంటే కట్టుబాటు! పూడికకు రాలేదు, వంతు పోయింది, అంతే. చౌడా, బండి ఆయమ్మకు రాసిచ్చెయ్. ఇంక నోరెత్తద్దు."

నీలావతి పేరు మార్చే ఫారాలు ముందే తెచ్చుకుంది. ముందు రేకుకు ఆనించి పట్టుకుని, పెన్ను ఇచ్చింది. చౌడప్ప పెన్ను పట్టుకుని కాసేపు ముందు రేకు మీది సొట్టనే చూశాడు.

"ఆ బీడులో నీకు బండి నేర్పింది నేనే గదనే" అన్నాడు, ఆమెకు మాత్రమే వినబడేట్టు.

నీలావతి సంతకం పెట్టే చోట వేలుంచింది.

"అవునప్పా. బాగా నేర్పినావు. సంతకం పెట్టు."

పెట్టాడు. తల దించుకుని జనంలోంచి వెళ్లిపోయాడు. చంద్రప్ప హమ్మయ్య అనుకుని తువ్వాలు దులిపి లేచాడు. అందరూ లేవబోయారు. నీలావతి కాగితాలు మడిచి రవికలో దోపుకుని, డ్రైవరు సీట్లో కూర్చుని, అప్పుడు నోరు తెరిచింది.

"మామా, ఒక మాట. నేను ధర్మవరం దాకా ఎందుకు పోయినానో తెల్సునా? ఈ ఊర్లో కేకేసి ఊరుకుంటే సరిపొయ్యేది గదా, నీ మాదిరి."

చంద్రప్ప నిలబడిపోయాడు.

"వాడు యాడుండాడో నాకు తెలుసు. అందుకే ఆడికే పోయి, పేరు పెట్టి పిలిచినా. నన్ను వదిలేసిపోయినోడు గదా, అయినా పిలిచినా. పిలవకుండా వంతు తీసుకుంటే అది దొంగతనం మామా. ఆ పొద్దు వెంకటప్ప మామ బెంగుళూరులో ఉండాడని నీకు తెల్సు. ఆయప్పను ఎవురు పిలిచినారు?"

చూడాలి ఆ మొహాలు! ఇన్నేళ్లూ ఆ ప్రశ్న ఎవరికీ రాలేదా, వచ్చినా నోరు పెగల్లేదా? నాకు తెలిసి రెండోదే.

"అది పాత సంగతిలేమ్మా, ఇప్పుడెందుకు" అన్నాడు చంద్రప్ప, తేలు కుట్టిన దొంగలాగా.

"ఎవురు పిలిచినారన్నా నన్ను?" అన్నాడు వెంకటప్ప. ఈసారి ఆ గొంతు మూలలోంచి రాలేదు. మోటారు షెడ్డు తలుపు దగ్గర్నుంచి వచ్చింది. "రేపు పొద్దున నా చేనికి నీళ్లు మళ్లిస్తాండా. పిలిచినామని చెప్పేవాళ్లు ఎవురన్నా ఉంటే వచ్చి ఆపండి."

మర్నాడు ఆపడానికి ఎవరూ పోలేదు. చంద్రప్ప కూడా పోలేదు. ఆ ఏడు వెంకటప్ప తన చేలో ఉలవలకు బదులు మల్బరీ నాటి, పట్టుపురుగులు పెంచాడు. ఆ గూళ్లు ఎవరి బండిలో హిందూపురం పోయాయో చెప్పక్కర్లేదు.

కాగితాలు తన పేరుకు మారిన తర్వాతి సోమవారం నీలావతికి ధర్మవరం లోడు పడింది. చెన్నేకొత్తపల్లిలో, ఎప్పుడూ తాళం పెట్టే ఆ బల్ల ముందే బండి ఆపింది. టీ కొట్టాయన అలవాటు కొద్దీ రోడ్డు వైపు తొంగి చూశాడు, చౌడప్ప ఎక్కడైనా వస్తున్నాడేమోనని.

"ఏమ్మా, ఈ వారం ఎవురి వంతు?"

నీలావతి తాళాన్ని బల్ల మీద పెట్టలేదు. కొంగుకు ముడేసుకుంది.

"వంతుల్లేవన్నా ఇంక. బండి నాది. ఒక టీ ఇయ్యి, గట్టిగా."